పచ్చ పలకల పొయ్యి

మేం ఆ ఇల్లు కొన్నది మా మామగారిని నమ్ముకునే. కొనేదాకా ఆ మాట ఆయన చెవిన వేయకపోవడం మేం చేసిన తెలివితక్కువ పని.

తొంభై ఆరు సెప్టెంబరు. నాకు ఆరో నెల. హైనోవ్కా పట్నంలో మేం అద్దెకుంటున్న గదిని ఇంటావిడ తన కూతురి కోసం ఖాళీ చేయమంది. సకల పునీతుల పండుగకల్లా, అంటే నవంబరు ఒకటికి, మేం మూటాముల్లె సర్దుకోవాలి. దగ్గర్లోని ఓల్షంకా అనే పల్లెలో, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఫ్రోసీనా ఇల్లు అమ్మకానికి ఉందని మా ఆయన జెనెక్ తను పనిచేసే కోత మిల్లులో విని వచ్చాడు. దుంగలతో కట్టిన ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, బావి, వెనకాల పది ఆపిల్ చెట్లు. ధర వినగానే ఎక్కడో ఏదో మెలిక ఉందని నాలాంటి అనుమానపు మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

మెలిక ఏమిటో పెద్దమ్మే దాచకుండా చెప్పింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. భర్త కొంద్రాత్ పోయి రెండేళ్లయింది. వీధి చివర చెల్లెలి ఇంట్లో ఒక గదిలోకి మారుతోంది. మమ్మల్ని పెద్ద గదిలోకి తీసుకెళ్లి మూలన పైకప్పు దాకా ఉన్న పొయ్యిని చూపించింది. ఆకుపచ్చ పింగాణీ పలకలు, ఒక్కటి కూడా పగల్లేదు, పెళ్లికూతురిలా ఉంది.

"చూడ్డానికే ఇది. లాగదు" అంది. "నిప్పు పెడితే పొగంతా గదిలోకే. కట్టిన ఏడాది నుంచీ అంతే. మేం వంటింట్లో ఇనప పొయ్యితో నెట్టుకొచ్చాం, దాని గొట్టం వేరు."

"ఇన్నేళ్లూనా?" అన్నాను.

"ముప్పై నాలుగు." నా పొట్ట వైపు చూసింది. "నీకు డిసెంబరా?"

"అవును పెద్దమ్మా, తొమ్మిదో తారీకు అంటున్నారు."

"డిసెంబరులో ఈ ఇంట్లో..." అని ఆగిపోయింది. తర్వాత తాళంచెవి జెనెక్ చేతిలో పెట్టి, బావిలో చేద ఎలా దించాలో చెప్పడం మొదలుపెట్టింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకున్నాం. లాగని పొయ్యి అట. జెనెక్ వాళ్ల నాన్న అపోలినారి ఎవరనుకున్నారు? చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో పొయ్యిలు కట్టిన మేస్త్రీ. ఆయన కట్టిన పొయ్యి ఉదయం ఒకసారి మండిస్తే మర్నాటి ఉదయం దాకా వెచ్చగా ఉంటుందని పేరు. ఆయనకిది ఒక పూట పని అనుకున్నాం.

ఆ ఆదివారం ఆయన ఇంట్లో భోజనం దగ్గర జెనెక్ ఆ కబురు ఘనంగా విప్పాడు.

"నాన్నా, ఇల్లు కొన్నాం. సంతకాలు కూడా అయిపోయాయి."

"ఎక్కడ?"

"ఓల్షంకాలో. కొంద్రాత్ ఇల్లు."

మామయ్య చెంచా పళ్లెంలో పెట్టేశాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, ఆకలి విషయంలో ఇరవై ఏళ్లవాడు. ఆయన చెంచా కింద పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"దేశంలో ఇంకో ఇల్లే దొరకలేదా మీకు?"

"ఏం, బాగాలేదా? పొయ్యి ఒక్కటే తేడా. నువ్వొచ్చి ఒకసారి చూస్తే..."

"నేను పని మానేశాను. మోకాళ్లు వంగవు" అన్నాడు. లేచి కోళ్లకు మేత వేయడానికి వెళ్లిపోయాడు. మోకాళ్లు బాగానే వంగాయి.

*

అక్టోబరు అంతా ఇల్లు సర్దడంతోనే సరిపోయింది. అన్నిటికంటే ముందు తలుపు తాళం మార్చాం. తర్వాత బావి తోడించాం. అడుగున ఒక తుప్పుపట్టిన చేద, ఒక బొమ్మ కాలు దొరికాయి. గోడలకు సున్నం కొట్టాం, దుంగల మధ్య ఎండు నాచు కూరాం, కిటికీ సందుల్లో దూది కుక్కి కాగితం అంటించాం. జెనెక్ మిల్లులో పని దిగి సైకిలు మీద వచ్చి చీకటి పడేదాకా పనిచేసేవాడు. నేను పొట్ట వేసుకుని నిచ్చెనలు ఎక్కకూడదు కాబట్టి కింద నిలబడి ఇది చెయ్యి అది చెయ్యి అని వాగుతుండేదాన్ని. "నీ నోటికి జీతమిచ్చుంటే ఇంకో ఇల్లు కొనేవాళ్లం" అనేవాడు.

పొయ్యి మాత్రం మా మాట వినలేదు. మొదటిసారి నిప్పు పెట్టినప్పుడు పావుగంటలో గదంతా పొగ. కొత్తగా కొట్టిన సున్నం పసుపుపచ్చగా మారింది. నేను వాకిట్లోకి పరుగెత్తి దగ్గుతూ నిలబడితే కడుపులో బిడ్డ కాళ్లతో తన్నింది. రెండోసారి, మూడోసారి కూడా అంతే. పొగ గొట్టం దాకా వెళ్తుంది, ఎవరో గదమాయించినట్టు వెనక్కి వస్తుంది.

పొగగొట్టాలు దులిపేవాడిని పిలిపించాం. ఇంట్లో దిగే ముందు వాడొచ్చి చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. నల్ల కోటు, ఇత్తడి గుండీలు, టోపీ, గుండ్రటి పొట్టతో వాడు గేటులోకి రాగానే నేనూ జెనెక్ మా చొక్కాల గుండీలు పట్టుకున్నాం. వాడు కనబడినప్పుడు గుండీ పట్టుకుంటే అదృష్టం కలిసొస్తుందంటారు. అది ఆ రోజు పనిచేయలేదు.

వాడు తడిసిన కప్పు వైపు చూశాడు. చెక్క పెంకుల మీద నాచు మెరుస్తోంది. "దీని మీదికి నేనెక్కను. నాకూ పెళ్లాం పిల్లలున్నారు" అన్నాడు. గొట్టం అడుగున మసి తీసే చిన్న తలుపు తెరిచి లోపలికి అద్దం పెట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. అద్దంలో చిన్న చదరంగా ఆకాశం కనబడింది. కాస్త మసగ్గా ఉంది గానీ, అక్టోబరులో ఆకాశం మసగ్గా కాక ఇంకెలా ఉంటుంది?

"ఆకాశం కనబడుతోందా? ఇంకేం, గొట్టంలో అడ్డమేమీ లేదు. తప్పంతా పొయ్యిలోనే ఉంది. కట్టినవాడెవడో గాడిద" అని సంతకం పెట్టి చేతులు దులుపుకుని పోయాడు.

ఆ సాయంత్రం మామయ్య ఇంట్లో ఈ మాట చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"కట్టిందెవరో నీకు తెలుసా మామయ్యా?"

"పాత సంగతులు నాకు గుర్తుండవు" అన్నాడు. ఎవరింట్లో ఏ ఏడాది ఎన్ని పలకలు పరిచాడో నిద్రలో కూడా చెప్పగల మనిషి ఆయన.

*

ఇరవై రెండున మొదటి మంచు పడింది. బావి దగ్గర బకెట్లో నీళ్ల మీద గాజులాంటి పొర తేలింది. నాకు భయం పట్టుకుంది. వంటింట్లో ఇనప పొయ్యి మండినంతసేపే వేడి. కట్టెలు అయిపోయిన గంటకల్లా చేతులు కొంకర్లు పోతాయి. పచ్చి బాలింతరాలిని, పసిగుడ్డును ఆ ఇంట్లో ఎలా పెట్టడం? గది ఖాళీ చేయడానికి ఇక పది రోజులే ఉంది. మామయ్య ఇంట్లో ఉందామంటే ఒకే గది, దాన్నిండా జెనెక్ తమ్ముడి సంసారం.

జెనెక్ మొండికేశాడు. "శనివారం ఈ దయ్యాన్ని పగలగొట్టి పారేస్తా. ఈ మూలన ఇంకో పెద్ద ఇనప పొయ్యి పెడతా. మా మేనేజరు దగ్గర సుత్తి అడిగాను."

"అంత అందమైన పొయ్యినా?"

"అందం కప్పుకుని పడుకుంటావా లూత్సీనా?"

నేను పలకల మీది పొగ మరకలు తుడవడం మొదలుపెట్టాను.

తర్వాత మూడు రోజులు వాన. ఎడతెరిపి లేదు. శుక్రవారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే వెళ్లి, పగలగొట్టే ముందు పొయ్యి చుట్టూ శుభ్రం చేద్దామని మసి తీసే తలుపు తెరిచాను. చెయ్యి పెట్టాను. అడుగున బూడిద పొడిపొడిగా ఉంది. పిండిలా వేళ్లలోంచి జారింది.

గొట్టానికి పైన మూత లేదు. వాకిట్లో నిలబడితే ఎవరికైనా కనబడుతుంది. మూడు రోజుల వాన ఆ గొట్టంలో పడింది. ఒక్క చుక్క కూడా కిందికి రాలేదు. ఆకాశం మాత్రం వస్తోంది.

నేను మేస్త్రీ కోడలిని. పెళ్లయిన కొత్తలో మామయ్య తాగిన హుషారులో చెప్పిన ముచ్చట ఒకటి గుర్తొచ్చింది. పాతకాలం మేస్త్రీలను ఇంటివాళ్లు అవమానిస్తే వాళ్లు గొడవపడేవాళ్లు కాదట. ఊరికే వెళ్లిపోయేవాళ్లట. గొట్టంలో మాత్రం ఒక గాజు పలక అడ్డంగా ఉండేదట. కింది నుంచి చూస్తే ఆకాశం, మండిస్తే పొగ. ఇంటాయన దిగొచ్చి మేస్త్రీ దగ్గరికి వెళ్లి తప్పయిందని చెబితే, ఆ మేస్త్రీ వచ్చి పైనుంచి ఒక ఇటుక పడేసేవాడట. అంతే. ఆ ముచ్చట చెప్పి మామయ్య పడీపడీ నవ్వాల్సింది. అప్పుడూ నవ్వలేదు.

*

మామయ్య తన కొట్టంలో కట్టెలు పేరుస్తున్నాడు. నేను నాలుగు కిలోమీటర్లు వానలో నడిచి వెళ్లాను. కోపం నడిపించింది.

"కూర్చో అమ్మాయీ, ఈ స్థితిలో..."

"బూడిద పొడిగా ఉంది మామయ్యా."

ఆయన చేతిలో కట్టె చేతిలోనే ఉండిపోయింది.

"మూడు రోజులుగా వాన. బూడిద పొడిగా ఉంది" అన్నాను మళ్లీ.

కట్టెను జాగ్రత్తగా వరసలో పెట్టాడు. తర్వాత దుంగ మీద కూర్చున్నాడు. ఆయన అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పి ఉంటే అరవడానికి కూడా సిద్ధపడి వచ్చాను.

"గాజును ఏటవాలుగా పెట్టాను" అన్నాడు. "వాన కడుగుతూ ఉండాలని. నీళ్లు నిలబడకుండా మూలన ఇటుకల మధ్య సందు వదిలాను, బయటికి పోవడానికి. ఎన్నేళ్లయినా మసకబారకూడదని. మంచి పనివాణ్ణి కదా."

"ఎందుకు?"

"గడియారం. అరవై రెండు అక్టోబరు. పొయ్యి కట్టడం అయిపోయింది. మొదటి మంట రోజు మేస్త్రీని బల్ల మొదట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టాలి, నీకు తెలుసుగా. కూర్చున్నాను. ఊరి పెద్దలంతా ఉన్నారు. ఫ్రోసీనా బాతు కూర వడ్డించింది. కొంద్రాత్ జేబు తడుముకుని, నా గడియారం ఏదిరా అన్నాడు. ఆ ఊరికి పరాయివాణ్ణి నేనొక్కణ్ణే. అందరి ముందూ నా జేబులు బయటికి లాగించాడు. ఏమీ లేదు. అయినా పో అన్నాడు. మంట ముట్టించకుండానే, ముద్ద నోట్లో పెట్టకుండానే లేచాను."

"మరి గాజు ఎప్పుడు పెట్టావు?"

"మర్నాడు. గొట్టం పైన రెండు వరసలు మిగిలాయి, పూర్తి చేసి పోతానన్నాను. సరేనన్నాడు. వారం తిరక్కుండా గడియారం వాడి గొర్రెతోలు కోటు చిరుగులో దొరికిందట, ఊరంతా చెప్పుకున్నారు. వస్తాడనుకున్నాను. తప్పయిందిరా అని ఒక్క మాట. నేను వెళ్లి ఇటుక పడేసేవాణ్ణి. రాలేదు. రాకపోతే చలికి చస్తాడులే అనుకున్నాను."

వాన రేకుల మీద పడుతోంది. ఆయన ఇంకా ఏదో చెప్పాలి. నాకది వినాలని లేదని అప్పుడు తెలిసింది.

"వాళ్లకు నెల పిల్ల ఉండేది" అన్నాడు. "నాద్యా. ఆ చలికాలం ఎలాంటిదో మీకు తెలీదు. చెట్లు పగిలాయి. వంటింట్లో పడుకునేవాళ్లు, ఆ ఇనప పొయ్యి దగ్గర. జనవరిలో పిల్లకు దగ్గు పట్టుకుందని విన్నాను. వాడు రాకపోతే పోయాడు, నేనే వెళ్తానని బయల్దేరాను. గేటు దాకా వెళ్లాను. గుమ్మం పక్కన గోడకు శవపెట్టె మూత ఆనించి ఉంది. ఇంత." రెండు చేతులతో చూపించాడు. "వెనక్కి వచ్చేశాను."

"ఆ తర్వాతైనా..."

"ఆ తర్వాత ఎలా? పగలగొడితే పొయ్యి లాగుతుంది. లాగితే ఎందుకు లాగిందని అడుగుతారు. అప్పుడు ఫ్రోసీనాకి తెలుస్తుంది, తన పిల్ల దేనివల్ల పోయిందో."

నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఈ రోజు కలుగుతుంది, ఆ రోజు కలగలేదు. నా కడుపులో బిడ్డ తప్ప నాకేమీ కనబడలేదు.

"రేపు జెనెక్ పొయ్యి పగలగొడతాడు" అన్నాను. "నీకు మంచిదే. గొట్టం జోలికి పోడు, ఇనప పొయ్యికి వేరే గొట్టం గోడలోంచి పెడతాడు. గాజు అక్కడే ఉంటుంది. నేనూ నా బిడ్డా వంటింట్లో పడుకుంటాం."

ఆయన మొహం చూడకుండా లేచి వచ్చేశాను.

*

మర్నాడు పదకొండింటికి నేను ఓల్షంకా చేరేసరికి ఆయన వాకిట్లో ఉన్నాడు. జెనెక్ శనివారం సగం పూట పనికి వెళ్లాడు, ఒంటిగంటకు సుత్తితో వస్తాడు. మామయ్య నిచ్చెన గోడకు ఆనించి, పాక వెనక నాచు పట్టిన ఇటుకల కుప్పలోంచి ఒకటి ఏరుకుంటున్నాడు.

"నేను తెచ్చినవే. అప్పుడు మిగిలిపోయాయి" అన్నాడు.

నడుముకు తాడు కట్టుకున్నాడు. తాడు రెండో కొస ఆపిల్ చెట్టుకు కట్టాడు. ఇటుకను చొక్కాలో దోపుకున్నాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. పట్టుకోవడమంటే పొట్ట అడ్డం వస్తుంటే పక్కకు తిరిగి భుజంతో ఆనుకోవడం.

కప్పు మీద ఆయన అడుగులు ఒక్కొక్కటే వినబడేవి. సగం దారిలో ఒక పెంకు ఊడి నా కాళ్ల దగ్గర పడింది. తర్వాత ఏదో జారిన చప్పుడు, తాడు బిగుసుకుంది, చెట్టు ఊగి నాలుగు ఆపిల్స్ రాలాయి. కాసేపటికి పైనుంచి, "ఉన్నానులే" అన్నాడు.

తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆయన గొట్టం పట్టుకుని నిలబడి ఉంటాడు. ఏం చూశాడో, ఏం అనుకున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు.

గోడ లోపలెక్కడో ఒక పళ్లెం పగిలినట్టు చప్పుడైంది. ఆ వెంటనే ఇటుక అడుగున పడింది. అంతే.

ఆయన దిగి నడుముకున్న తాడు విప్పుకున్నాడు. మసి తలుపు తెరిచి నేనే గాజు ముక్కలు ఏరి బకెట్లో వేశాను. కొన్ని ముక్కలు నిన్న కడిగినట్టున్నాయి. ఆయన పొయ్యిలో ఇట్టే అంటుకునే భూర్జ చెట్టు బెరడు పెట్టి, దాని మీద సన్న కట్టెలు పేర్చి అగ్గిపుల్ల గీశాడు. మంట లోపలికి వంగింది. పొయ్యి ఊపిరి తీసుకున్నట్టు చిన్నగా శబ్దం చేసింది. గదిలోకి పొగ రాలేదు. నేను ఏడ్చాను. అది సంతోషమో కోపమో నాకే తెలీదు.

"అమ్మాయీ" అన్నాడు మామయ్య మెల్లగా. "ఎవరైనా అడిగితే కాకి గూడు అడ్డం పడిందని చెప్పు. నీకు దణ్ణం పెడతాను."

"అలాగే" అన్నాను. ఇల్లు వెచ్చబడుతోంది. అప్పుడు ఆయన ఏమడిగినా ఒప్పుకునేదాన్ని.

*

ఒక సంగతి మేమిద్దరం మరిచిపోయాం. పొగ లోపలికి రాకపోతే బయటికి పోతుంది. బయటికి పోతే ఊరంతటికీ కనబడుతుంది.

పది నిమిషాలు కాలేదు, ఫ్రోసీనా పెద్దమ్మ వచ్చింది. తలకు రుమాలు లేదు, కోటు లేదు, కాళ్లకు ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు. వీధంతా అలాగే నడిచి వచ్చింది. అయినా చంకలో రొట్టె, గుప్పిట్లో ఉప్పు పొట్లం ఉన్నాయి. కొత్త ఇంట్లో మొదటి మంటకు ఖాళీ చేతులతో రాకూడదని అంత కంగారులోనూ గుర్తుంచుకుంది.

గుమ్మంలో నిలబడి పొయ్యి వైపు చూసింది. మామయ్య గోడ దగ్గరికి జరిగాడు.

"లాగుతోందా?" అంది.

"లాగుతోంది పెద్దమ్మా. కాకి గూడు అడ్డం పడిందట. మామయ్య తీసేశాడు." నా గొంతు ఎంత మామూలుగా ఉందంటే నాకే సిగ్గేసింది. పొయ్యి దగ్గర పడున్న సన్న పుల్లల్లోంచి ఒకటి తీసి చూపించాను కూడా.

"కాకి గూడు" అంది. రొట్టె బల్ల మీద పెట్టింది. "ముప్పై నాలుగేళ్లు కాకి గూడు." కుర్చీలో కూర్చుంది. "కొంద్రాత్ అనేవాడు, ఈ ఇంటి మీద దేవుడికి కోపం ఉంది ఫ్రోసీనా అని. నేను నమ్మాను. నాద్యా పోయాక నేనేం తప్పు చేశానా అని ఎంత వెతుక్కున్నానో. పాలు కూడా ముట్టకూడని ఉపవాసం రోజున పాలు తాగాను ఒకసారి, కడుపుతో ఉన్నప్పుడు. దానివల్లే అనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను." తల ఊపింది. "కాకి గూడట."

మామయ్య టోపీ తీశాడు.

"కాకులు కాదు ఫ్రోసీనా" అన్నాడు. "గాజు. నేను పెట్టాను."

ఆమె ఆయన వైపు చూసింది. తర్వాత పొయ్యి పక్కన నేను దాచడం మరిచిపోయిన బకెట్ వైపు చూసింది. వంగి ఒక ముక్క తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకుంది. మామయ్య నిలబడే ఉన్నాడు. ఆమె అరుస్తుందని, శపిస్తుందని, ఆ ముక్కతో ఏదైనా చేస్తుందని కూడా అనుకున్నాను.

"ఎలా తీశావు?" అంది.

"ఇటుక పడేశాను."

"ఎన్ని?"

"ఒకటి."

"ఒకటి" అంది. గాజు ముక్కను బకెట్లో పెట్టింది, పడేయలేదు, పెట్టింది.

తర్వాత నా వైపు తిరిగింది. "ఇంట్లో వండిందేమైనా ఉందా?"

"చిక్కుడు గింజల సూప్ ఉంది, నిన్నటిది, జెనెక్ కోసం తెచ్చాను. వేడి చేయాలి."

"చెయ్యి."

చేశాను. పళ్లెం తీసుకురమ్మంది, తెచ్చాను. ఆమె తన చేత్తో రొట్టె కోసింది. ఉప్పు చల్లింది. సూప్ పోసింది. బల్ల మొదట్లో, మొదటి మంట రోజు మేస్త్రీని కూర్చోబెట్టే చోట పెట్టింది.

"ఆ రోజు నీ పళ్లెం వడ్డించింది నేనే" అంది మామయ్యతో. "తినకుండా పోయావు. కూర్చో."

"ఫ్రోసీనా, నా వల్ల కాదు."

"కూర్చో."

కూర్చున్నాడు. తిన్నాడు. ఆమె ఎదురుగా నిలబడి ఒక్కొక్క ముద్దా చూసింది. ఆయన కన్నీళ్లు గడ్డం మీదుగా సూప్‌లో పడుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు, ఆమె ఆపమనలేదు. పళ్లెం అడుగు కనబడేదాకా తినిపించింది. అలా ఎంత సేపయిందో చెప్పలేను. నా బిడ్డను కన్నప్పుడు కూడా కాలం అంత నెమ్మదిగా నడవలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని జెనెక్ వచ్చాడు, భుజం మీద ఇంత సుత్తి. మండుతున్న పొయ్యిని చూశాడు. ఏడుస్తూ ఖాళీ పళ్లెం ముందు కూర్చున్న తండ్రిని చూశాడు. మా మొహాలు చూశాడు.

"ఎవరైనా పోయారా?" అన్నాడు.

పెద్దమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లింది. కుడివైపు పలకల మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. తర్వాత ఎడమ వైపు వెళ్లి అక్కడా ఆనించింది. తన ఇంట్లో ముప్పై నాలుగేళ్లు ఉన్న పొయ్యి వెచ్చగా ఎలా ఉంటుందో ఆమె అప్పుడే మొదటిసారి చూస్తోంది.

"ఉయ్యాల ఎక్కడ పెడదామనుకుంటున్నావు?" అని నన్నడిగింది.

"కిటికీ దగ్గర పెద్దమ్మా. వెలుతురు ఉంటుందని."

"అక్కడొద్దు. ఇటు పెట్టు, ఎడమ వైపు. ఇటే ఎక్కువ వేడెక్కుతోంది."

చెప్పి వెళ్లిపోయింది. మామయ్య వైపు చూడలేదు. జెనెక్ తన కోటు తీసి ఆమె వెనక పరుగెత్తాడు. తీసుకోకుండా అలాగే చలిలో నడిచి వెళ్లిందట.

పండుగకు రెండు రోజుల ముందు మేం ఆ ఇంట్లో దిగాం. డిసెంబరు పదకొండున ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల ఎడమ వైపే పెట్టాను. ఆ రోజు నుంచి మామయ్య తెల్లవారకముందే నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చి పొయ్యి ముట్టించి, ఆరున్నర లోపల వెళ్లిపోయేవాడు. జెనెక్ తను ముట్టిస్తానన్నా వినలేదు. ఎనిమిదింటికి పెద్దమ్మ వచ్చేది. ఉయ్యాలలోకి తొంగి చూసేది కాదు, పిల్లను ఎత్తుకునేది కాదు. ఎడమ వైపు పలకల మీద అరచెయ్యి ఆనించి, వెచ్చగా ఉందని తేలాక వెళ్లిపోయేది. వాళ్లిద్దరూ మా ఇంట్లో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

మార్చి దాకా అలాగే జరిగింది. ఆ చలికాలంలో ఆ పొయ్యి ఒక్క రోజు కూడా చల్లారలేదు.